మోకాళ్ళ ఆకు రొట్టెలు

శనివారం పొద్దున్న ఎనిమిది గంటల వేళ ఆ మెట్ల మీద ఎవరు నడిచినా, మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు కాస్త నెమ్మదించేవి. చీజ్ కరిగి అంచులు మాడుతున్న వాసన, ఎండుటాకుల ఘాటు, కొత్తగా కాలిన పిండి కమ్మదనం కలిసి తలుపు సందులోంచి బయటికి వచ్చేవి. "రొట్టెల పిన్ని ఓవెన్ పెట్టింది" అనుకుని, గుండెల నిండా ఓసారి పీల్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆ ఓవెన్ ఇప్పటికీ ప్రతి శనివారం వెలుగుతూనే ఉంది. అందులోంచి ఏ వాసనా తెలియనిది ఒక్క పిన్నికే.

ఆమెకు సొంత పేరు ఒకటి ఉందన్న సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పక్క వాటాలో ముసలాయనకీ ఆమె పిన్నే, కింద కుట్టుమిషను అమ్మాయికీ పిన్నే. భర్త ఎలక్ట్రీషియన్. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆయనే వైర్లు లాగాడు. పిల్లలు లేరు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి "తిన్నావా అక్కా?" అని అడుగుతుంది. పిన్ని "తిన్నా" అంటుంది. "ఏం తిన్నావ్?" అంటే ఏదో ఒకటి చెబుతుంది. ఏం తిన్నా ఒకటే అయినప్పుడు ఏం చెబితే మాత్రం ఏం?

మొన్నటి చలికాలంలో పది రోజులు జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ కూడా వెంటబెట్టుకుపోయింది. మొదట జలుబే అనుకుంది. జలుబు తగ్గింది, వాసన తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు అడుగంటి గిన్నె నల్లబడి, పొగ కళ్ళలోకి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఆ మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన టార్చి వేసి చూసి, "రావొచ్చమ్మా, రాకపోనూవచ్చు. కొందరికి నెలలు పడుతుంది" అన్నాడు. ఈ మాట చెప్పడానికి అంత చదువు ఎందుకో అని దారంతా గొణుక్కుంటూ ఇంటికొచ్చింది. వచ్చి, పొయ్యి పైన గోడకి 'గ్యాస్ కట్టేశావా?' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. ఆ ప్రశ్న అడిగే మనిషి ఇంట్లో మరొకరు లేరు కదా మరి.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికీ చెప్పలేదు. దానికొక కారణం ఉంది.

ఆమె ప్రతి ఆదివారం ప్రార్థన హాలుకి వెళ్తుంది. పాతికమంది వస్తారు. ప్రార్థన అయ్యాక వెనక గదిలో అందరూ కలిసి టీ తాగుతారు. ఆ టీతో పాటు తినేవి పిన్ని రొట్టెలే. పంతొమ్మిదేళ్ళుగా వానొచ్చినా ఎండొచ్చినా ఒక్క వారం తప్పలేదు. భర్త పోయిన నెలలో రెండు వారాలు మాత్రం మానింది. మూడో వారం బుట్ట పట్టుకుని వెళ్తే అందరూ లేచి నిలబడ్డారు. ఆవేళ ఆమెకు తాను బతికే ఉన్నానని అనిపించింది.

అదే హాల్లో పాటలు మొదలుపెట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. పాటల తాతయ్య అనేవాళ్ళు. ఆయనకి చెవుడు వచ్చి శ్రుతి తప్పడం మొదలైంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా ముందు వరసలో మెత్తటి కుర్చీ వేశారు, భుజం మీద శాలువా కప్పారు. "ఇన్నాళ్ళూ శ్రమపడ్డారు, ఇక మీరు హాయిగా వినండి తాతయ్యా" అని మైకు ఇంకొకరికిచ్చారు. వినపడని మనిషిని వినమన్నారు! నాలుగు నెలలు ఆ మెత్తటి కుర్చీలో కూర్చుని, అయిదో నెల నుంచి ఆయన రావడం మానేశాడు. పిన్ని అదంతా కళ్ళారా చూసింది. బుట్ట లేకుండా తాను ఆ గుమ్మం తొక్కితే తనకీ అలాంటి కుర్చీ ఒకటి వేస్తారు. అందులో కూర్చోవడం తన వల్ల కాదు.

అందుకని చేతులతోనే పని లాక్కొస్తోంది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. గురువారం రెండు కుండల పాలు కాచి, నిమ్మరసం పిండి విరగ్గొడుతుంది. విరిగిన పాలని పల్చటి గుడ్డలో మూటగట్టి కొళాయికి వేలాడదీస్తుంది. నీళ్ళు కారిపోయాక ఆ మూటని పీట మీద పెట్టి పైన బరువు పెడుతుంది. ఆ బరువు మరేదో కాదు, భర్త ఎవరి ఇంట్లోంచో విప్పి తెచ్చిన కాలిపోయిన మోటారు. "ఎక్కడా పనికిరానిది నీ దగ్గర పనికొచ్చింది చూశావా" అని ఆయన మురిసిపోయేవాడు. శుక్రవారమంతా ఆ చీజ్ ఉప్పునీళ్ళలో నానుతుంది. ఉప్పుకి చెంచా లెక్క ఉంది. ఈస్ట్ నురగ కట్టిందో లేదో కంటికి కనిపిస్తుంది. పిండి ఎంత పిసకాలో అరచేతికి తెలుసు, చెవి తమ్మెలా మెత్తగా రావాలి. కాలిందో లేదో రొట్టె అడుగున వేలితో కొడితే డొల్లగా పలుకుతుంది. పైన కత్తితో మూడు గాట్లు పెడుతుంది, పంతొమ్మిదేళ్ళుగా అవే గాట్లు. ఇంతవరకూ ముక్కుతో పని లేదు.

ముక్కుతో పని ఉన్నది ఒక్క ఆకుల దగ్గరే.

వంటింటి అరలో తొమ్మిది సీసాలున్నాయి. అన్నీ ఒకే కంపెనీ కాఫీ సీసాలు, అన్నిటికీ ఎర్ర మూతలే. బాల్కనీ కుండీల్లో పెంచిన ఆకుల్ని ఎండబెట్టి, నలిపి, వాటిలో దాచుకుంటుంది. ఒరెగానో, థైమ్, పుదీనా, ఇంకా ఏవేవో. నలిపాక అన్నీ బూడిదరంగు ఆకుపచ్చే. కొత్తల్లో ఆయన అడిగాడు కూడా.

"చీటీలు అంటించనా వీటికి?"

"నా ముక్కు ఉండగా చీటీలెందుకండీ?"

"నీ ముక్కుకి కరెంటు పోతేనో?"

"పోతే బాగుచేయడానికి మీరున్నారుగా."

ఆయన పడీపడీ నవ్వాడు. ఇప్పుడు ముక్కుకి కరెంటు పోయింది. బాగుచేసే మనిషి ముందే వెళ్ళిపోయాడు.

జ్వరం తరవాత కొన్ని వారాలు అరలో వరస గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చింది. ఎడమ నుంచి మూడోది ఒరెగానో, నాలుగోది థైమ్. ఇంతలో చీమలు పట్టాయి. చీజ్ తునక ఒకటి ఎక్కడో పడి ఉంటుంది, బారులు తీరి అర ఎక్కాయి. పిన్ని సీసాలన్నీ కింద దించి, తుడిచి, అర కడిగి, మళ్ళీ సర్దింది. సర్దుతుండగా ఫోన్ మోగింది. చెల్లెలు కోడలి మీద చాడీలు చెబుతుంటే ఊకొడుతూ మిగతా సీసాలు పెట్టేసింది. ఏ సీసా ఎక్కడ పెట్టిందో చేతులు గమనించలేదు. ఆ పూట చేతులు కూడా చాడీలే విన్నాయి కాబోలు.

ఆ వారం ఆమె రొట్టెలు పట్టుకెళ్తే టీచరమ్మ మొదట తీసుకుంది. హాలు వ్యవహారాలన్నీ చూసుకునేది ఆవిడే. బడిలో లెక్కలు చెబుతుంది, మనసు వెన్న. ఒక ముక్క కొరికి, కాసేపు నమిలి, ఆ తరవాత నవ్వింది.

"బ్రహ్మాండం పిన్నీ!"

"ఉప్పు సరిపోయిందా?"

"అబ్బే, అన్నీ సరిపోయాయి. మీ చేతికి తిరుగుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. పిన్నికి ధైర్యం వచ్చింది. ఆ ఆదివారమే ఇంకో వింత జరిగింది. ఎప్పుడూ ప్రార్థనకి రాని పోస్టాయన వచ్చాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆమె భర్తకి ప్రాణ స్నేహితుడు, వరసలు కలుపుకుని 'బావా' అనేవాడు. భర్త ఉన్న రోజుల్లో ప్రతి సాయంత్రం వీళ్ళ బాల్కనీలోనే ఉండేవాడు. బావ పోయాక ఆ ఇంటి మెట్లు ఎక్కలేకపోయాడు. ఎక్కితే కూర్చోవడానికి రెండో కుర్చీ ఖాళీగా కనబడుతుందని భయపడ్డాడో ఏమో. ఆ రోజు ఏదో పెళ్ళిపిలుపు ఇవ్వడానికి హాలుకి వచ్చి, ఆనక టీ దగ్గర నిలబడి రొట్టె తిన్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తరవాత జేబు రుమాలు తీసి, ఇంకో రొట్టె అందులో చుట్టుకున్నాడు.

పై ఆదివారమూ వచ్చాడు, ఆ పై ఆదివారమూ వచ్చాడు. "పోస్టాయనకి భక్తి ముదిరింది" అని టీచరమ్మ పిన్ని చెవిలో గుసగుసలాడింది. "ఆఖరి ప్రార్థనకి కళ్ళు మూసుకోవడం లేదు పిన్నీ, మీ బుట్ట వైపే చూస్తున్నారు."

మూడో ఆదివారం పిన్ని ఇంటికి సగం దూరం వెళ్ళాక బుట్ట మీద కప్పే గుడ్డ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. హాలు ఖాళీ అయిపోయింది. వెనక పెరట్లో వాచ్‌మన్ చీపురు పట్టుకుని గొణుక్కుంటున్నాడు.

"ఏమైంది నాయనా?"

"ఏముంది పిన్నిగారూ, మీవాళ్ళు పావురాలకి ఏం వేస్తున్నారో కానీ మూడు వారాలుగా అవి ముట్టడమే లేదు. చూసి, మూతి తిప్పుకుని పోతున్నాయి. ఎత్తిపోసుకోలేక నేను చస్తున్నా."

అతని చేటలోకి చూసింది. కాగితం రుమాళ్ళలో చుట్టిన పొట్లాలు, పది దాకా ఉన్నాయి. ఒకటి విప్పితే రొట్టె. ఒకే ఒక్క కాటు. పైన మూడు గాట్లు. ఇంకోటి విప్పింది. అందులోనూ ఒకే కాటు, అవే మూడు గాట్లు. ఎంత మర్యాదగా పారేశారో! ఒక్కటీ విసిరేయలేదు, నలిపేయలేదు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు కాగితంలో చుట్టి మరీ పడుకోబెట్టారు.

"ఇలా ఇవ్వు నాయనా, నేను పట్టుకెళ్తా."

"మీకెందుకండీ అవి?"

"కావాలి."

ఇంటికొచ్చి వాటిని బల్ల మీద వరసగా పెట్టింది. ఒకటి తీసుకుని కొరికింది. పైన గట్టిగా ఉంది, లోపల మెత్తగా ఉంది, చీజ్ తునకలు పళ్ళకి తగులుతున్నాయి. అంతవరకే తెలిసింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి లాగింది. గోడకి ముక్కు ఆనించి పీల్చినా అంతే ఉంటుంది. ఏం తప్పు జరిగింది? పులిసిందా? బూజు పట్టిందా? చీజ్ పాడైందా? ఎవరినన్నా పిలిచి అడగాలంటే ముందు తన సంగతి చెప్పాలి. ఏడింటికి చెల్లెలు ఫోన్ చేసింది.

"తిన్నావా అక్కా?"

"తిన్నా."

"ఏం తిన్నావ్?"

"రొట్టె."

"అదృష్టవంతురాలివి. నీ రొట్టెలు తలుచుకుంటే ఇక్కడ నాకు నోరూరుతుంది."

పిన్నికి చెప్పేద్దామనిపించింది. నోటి చివరిదాకా వచ్చింది. 'నీ నోరు ఒకసారి అప్పివ్వవే' అందామనుకుంది. కానీ ఫోన్‌లో చెల్లెలు అప్పటికే కోడలి దగ్గరికి వెళ్ళిపోయింది.

ప్రతి శనివారం ఆమె మొదటి రొట్టె చల్లారకముందే చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని దేవుడికి చూపించేది. ఆ తరవాతే మిగతావి బుట్టలోకి వెళ్ళేవి. ఆ ఆదివారం సాయంత్రం ప్రార్థనకి కూర్చుంది. ఉండబట్టలేక పైకి అనేసింది. "వాళ్ళంటే మొహమాటపడ్డారు. మూడు వారాలుగా మొదటి రొట్టె నీకే చూపించాను కదా స్వామీ, నువ్వైనా చెప్పొద్దా? నీకూ మొహమాటమేనా?"

జవాబు రాలేదు. ఎప్పుడూ రాదు. అయినా ఆమె ఇన్నేళ్ళూ అడుగుతూనే ఉంది, ఎదురుచూస్తూనే ఉంది. ఆ వేళ మాత్రం ఎదురుచూడటం కొంచెం బరువనిపించింది.

మర్నాడు పొద్దున్న పదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే పోస్టాయన. మూడు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు. చేతిలో ఉతికి మడతపెట్టిన రుమాలు ఉంది.

"చెల్లెమ్మా, నిన్నటివి మిగిలాయేమో అని..."

పిన్నికి ఒళ్ళు మండింది. ఆయన్ని లోపలికి కూడా పిలవలేదు.

"మీరెక్కడ పారేస్తారు అన్నయ్యగారూ? మీ వీధిలో పావురాలు ఇంకా మంచివా?"

"పారేయడమేంటి?"

"నాతో నాటకాలొద్దు. రండి, చూడండి."

బల్ల మీద వరసగా పెట్టిన కాటు రొట్టెలు చూపించింది. ఆయన వాటిని చూశాడు, ఆమెని చూశాడు. ఒకటి తీసుకుని ఆ కాటు పక్కనే ఇంకో ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నిలబడే నమిలాడు.

"వాళ్ళకేం తెలుసమ్మా. వాళ్ళు తాగారా ఏమన్నా? నాకు ఒకటి నాలుగు రోజులు వస్తుంది. పొద్దున్నో ముక్క, సాయంత్రమో ముక్క."

"తాగడమేంటి అన్నయ్యగారూ? రొట్టె కదా ఇది."

పోస్టాయన నమలడం ఆపాడు. "నువ్వు కావాలని వెయ్యలేదా?"

"ఏంటి వెయ్యలేదా?"

"మోకాళ్ళ ఆకు."

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.

మోకాళ్ళ ఆకు కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. అందరూ అంటే ముగ్గురే అనుకోండి. నిచ్చెనలు ఎక్కీ దిగీ ఎలక్ట్రీషియన్‌కి మోకాళ్ళు పట్టేస్తే, మొక్కల దుకాణం ఆయన ఏదో మొక్క ఇచ్చాడు. దాని పేరు చెప్పాడు గానీ ఎవరికీ నోరు తిరగలేదు. దాని ఆకు ఎండబెట్టి మరిగించి తాగాలి. అంత చేదు లోకంలో ఇంకోటి ఉండదు. సైకిలు తొక్కీ తొక్కీ పోస్టాయన మోకాళ్ళు కూడా అదే తోవలో ఉండేవి. ఇద్దరూ సాయంత్రం బాల్కనీలో కూర్చుని, చెరో గ్లాసూ పట్టుకుని, ముక్కు మూసుకుని తాగేవాళ్ళు. ఎవరు ముందు ఖాళీ చేస్తే వాళ్ళు గెలిచినట్టు. తరవాత అరగంట సేపు మొహాలు వంకర పెట్టుకుని ఒకరినొకరు తిట్టుకునేవాళ్ళు. పిన్ని ఆ కషాయాన్ని ఒక్కనాడూ నోట పెట్టలేదు. వాసనకే కడుపులో తిప్పేది. ఆయన పోయాక ఆ సీసా పారేయడానికి చెయ్యి రాక, అరలో ఓ మూల అలాగే ఉంచేసింది.

"మొదటి వారం కొరగ్గానే తెలిసింది చెల్లెమ్మా. ఏడాది దాటింది నేనది తాగి. నోట్లో పెట్టుకోగానే బావ పక్కనే కూర్చుని 'ముందు నువ్వు తాగరా' అన్నట్టైంది. నువ్వు బావని తలుచుకుని వేస్తున్నావనుకున్నా. అడిగితే ఏడుస్తావని అడగలేదు."

"మూడు వారాలు!"

"మూడు వారాలు. ఒకటి మాత్రం నిజం, నిన్న టీచరమ్మ మెట్లు ఎంత చకచకా ఎక్కిందో చూశావా?"

పిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే తిరగబడి ఏడుపైంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పోస్టాయన కుండీల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక ఆమె చెప్పింది, జ్వరం సంగతి, పాల గిన్నె సంగతి, గోడ మీద కాగితం సంగతి. మొదటిసారి బయటి మనిషితో అన్నది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే కుర్చీ వేస్తారు."

ఆయనకి పాటల తాతయ్య గురించి తెలుసు. ఆ వీధికి ఉత్తరాలు వేసింది ఆయనే మరి. విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"వేస్తే వెయ్యనీ. నువ్వు కూర్చోకు."

"మీకేం, చెబుతారు."

"సరే, ముందు ఆ సీసాలు ఇలా పట్రా."

తొమ్మిది సీసాలూ బల్ల మీదకి వచ్చాయి. ఆయన ఒక్కో మూత తీసి వాసన చూస్తాడు, పేరు తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే వర్ణిస్తాడు. "ఇది పళ్ళపొడిలా ఉంది." "అయితే పుదీనా." "ఇది... పిజ్జా కొట్టు ముందు నిలబడ్డట్టుంది." "ఒరెగానో, అదే కావాలి!" "ఇది తడి గోనెసంచి." "అన్నయ్యగారూ, అది థైమ్. దాన్నలా అనకూడదు." భర్త వైర్లకి గుర్తులు పెట్టుకునే తెల్ల టేపు ఇంకా సొరుగులోనే ఉంది. దాన్ని ముక్కలు చేసి, పెన్నుతో పేర్లు రాసి అంటించింది. ఆరో సీసా మూత తీసిన పోస్టాయన ఈసారి వర్ణించలేదు. మూత మళ్ళీ నెమ్మదిగా బిగించి ఆమె చేతికిచ్చాడు. పిన్ని దాని మీద ఏం రాయాలో కాసేపు ఆలోచించి, 'ఆయనది' అని రాసింది.

శనివారం పన్నెండు రొట్టెలు ఒరెగానోతో కాల్చింది. కొంచెం పిండి మిగిల్చి, 'ఆయనది' సీసాలోంచి చిటికెడు వేసి, ఇంకో రెండు చిన్నవి కాల్చింది. కలిసిపోకుండా వాటి మీద ఒకే గాటు పెట్టింది.

ఆదివారం టీచరమ్మ ఎప్పటిలాగే మొదటి రొట్టె తీసుకుంది. తీసుకుంటున్నప్పుడే రెండో చేత్తో కాగితం రుమాలు సిద్ధం చేసుకోవడం పిన్ని చూసింది. ఇదివరకు చూడనిది అదే. టీచరమ్మ కొరికింది, నమిలింది, కళ్ళు పెద్దవయ్యాయి.

"బ్రహ్మాండం పిన్నీ!"

అక్షరం తేడా లేకుండా అదే మాట. చేదుకీ అదే, కమ్మదనానికీ అదే. పిన్నికి లోపల ఎక్కడో చల్లబడిపోయింది. రొట్టె బాగున్నా ఇక తనకి తెలిసే దారి లేదు. ఈ మంచివాళ్ళ మధ్య తాను చెవిటి తాతయ్యలా నవ్వులు చూసి తలూపుతూ బతకాలి. కుర్చీ ఎవరూ కొత్తగా వెయ్యనక్కర్లేదు. మూడు వారాలుగా తాను దాన్లోనే కూర్చుని ఉంది.

బుట్ట బల్ల మీద పెట్టేసింది.

"టీచరమ్మా, ఒక మాట. నాకు వాసన తెలియదు. రుచీ తెలియదు. చలికాలంలో జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఇది ఎలా ఉందో మీరు చెబితే తప్ప నాకు తెలియదు. పోయిన మూడు వారాలూ ఎలా ఉన్నాయి?"

 టీచరమ్మ మొహం ఎర్రబడింది.

"అది... పిన్నీ..."

"లెక్కలు చెప్పే మనిషివి. తప్పుకి తప్పు అని పెట్టమ్మా."

"చేదు," అంది టీచరమ్మ, తల వంచుకుని. "భరించలేనంత చేదు పిన్నీ. సాయంత్రం దాకా నాలుక మీంచి పోలేదు."

"మా ఆయనైతే సబ్బు తిన్నట్టుంది అన్నారు," అంది వెనక నుంచి ఒకావిడ. ఒకరు నోరు విప్పాక మిగతావాళ్ళూ విప్పారు. పొట్లం పర్సులో పెట్టుకుని మర్చిపోయిన వాళ్ళు, కుక్కకి పెడితే అది అలిగిన వాళ్ళు. నవ్వులొచ్చాయి, క్షమాపణలొచ్చాయి. మోకాళ్ళ మందు అని పోస్టాయన చెప్పేసరికి ఇద్దరు ముసలమ్మలు మిగిలింది ఉంటే తమకి పంపమన్నారు. పిన్ని కూడా నవ్వింది. అంతా సద్దుమణిగాక టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎంత కష్టపడ్డారో పిన్నీ. ఇక మీరు విశ్రాంతి తీసుకోండి. వచ్చే వారం నుంచి బిస్కెట్లు తెప్పిద్దాం. మీరు హాయిగా కూర్చుని టీ తాగండి."

వచ్చేసింది, మెత్తటి కుర్చీ. పిన్ని పోస్టాయన వైపు చూసింది. ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు, సాయం చేసేలా లేడు.

"బిస్కెట్లు వద్దు," అంది పిన్ని. బుట్ట తన దగ్గరికి లాక్కుంది. "చేతులు నావి బాగానే ఉన్నాయి. నోరు మీది వాడండి. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. చెప్పడం కుదరదంటే చెప్పండి, అప్పుడు మానేస్తా."

 వెనక నిలబడ్డ కింది వాటా కుట్టుమిషను అమ్మాయి, చేతిలో రొట్టె సగం తిని, చిన్న గొంతుతో అంది. "ఉప్పు కొంచెం తగ్గింది పిన్నీ."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఉప్పు తగ్గిందని ఆమెని అన్నవాళ్ళు లేరు. గుచ్చుకున్న చోటే కాస్త వెచ్చగా కూడా అనిపించింది.

"ఎంత తగ్గింది?"

"అర చెంచా."

"అర చెంచా," అని పిన్ని మనసులో రాసుకుంది.

పన్నెండు రొట్టెలూ అయిపోయాయి. వెళ్ళేముందు పెరట్లోకి తొంగి చూసింది. వాచ్‌మన్ ఖాళీ చేటతో నిలబడి ఉన్నాడు. వీధి మలుపులో పోస్టాయనకి ఒంటి గాటు రొట్టె ఇచ్చింది. ఆయన రుమాలులో చుట్టుకుని, తల ఒకసారి ఊపి, తన వీధిలోకి తిరిగిపోయాడు. పైకి రమ్మని ఆమె పిలవలేదు, వస్తానని ఆయనా అనలేదు. ఖాళీ కుర్చీ ఇంకా అక్కడే ఉంది కదా.

ఇంటికొచ్చి బుట్ట గోడకి తగిలించింది. మధ్యాహ్నం ఎండ బాల్కనీలోకి సగం వచ్చి ఆగింది. రెండో ఒంటి గాటు రొట్టె పళ్ళెంలో పెట్టుకుని, కుండీల మధ్య తన కుర్చీలో కూర్చుంది. ఆయన బతికుండగా ఒక్క గుక్క తాగలేని దాన్ని ఇప్పుడు విరిచి నోట్లో పెట్టుకుంది. మొహం వంకర పోలేదు. కడుపులో తిప్పలేదు. చేదు ఎక్కడా తగల్లేదు. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంది, అంతే. నెమ్మదిగా నమిలింది. ఇందులో ఆయన ఉన్నాడని పోస్టాయన చెప్పాడు. ఆమెకి మాత్రం ఏ ఆనవాలూ దొరకలేదు. అయినా ఉన్నాడనే అనుకుంది. జవాబివ్వని వాడితో మాట్లాడటం, కనబడని వాడికి మొదటి రొట్టె చూపించడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

రొట్టె మొత్తం తినేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, 'గ్యాస్ కట్టేశావా?' అన్న కాగితం పక్కన ఇంకో కాగితం అంటించి, 'ఉప్పు ఇంకో అర చెంచా వెయ్యాలి' అని రాసుకుంది.